ముందు బెంచీ

మొన్న ఓటు వెయ్యడానికి నా చిన్ననాటి బడికి వెళ్లాను. క్యూలో నిలబడలేక ఓ పాత బెంచీ మీద కూర్చుంటే, చెమ్మ పట్టిన చెక్క వాసన ముక్కుకు తగిలింది. ఒకప్పుడు ఆ వాసనంటే ఎంత గర్వమో నాకు!

డెబ్భైల్లో, నేను నాలుగో తరగతిలో ఉండగా, హార్బరు ఒడ్డున మా జాలరిపేటలోని పాక బడి మూసేసి, ఆఫీసర్ల పిల్లలు చదివే ఈ పెద్ద బడిలో మమ్మల్ని కలిపారు. జూన్‌లో బెంచీలన్నీ వాళ్లవే. మేం వెనక గచ్చు మీద కూర్చునేవాళ్లం. ఆ తర్వాత వాళ్లు ఒక్కొక్కరే మానేసి కాన్వెంటులో చేరిపోయారు. బెంచీ ఖాళీ అయినప్పుడల్లా మాస్టారు మమ్మల్ని ముందుకు జరిపేవారు. బాగా చదువుతున్నామని జరుపుతున్నారనుకున్నాను. దసరా నాటికి ముందు బెంచీ మొత్తం నాదే.

పరిగెత్తుకుంటూ ఇంటికెళ్లాను. సాయంత్రం బేరానికి అమ్మ గంపలో చేపలు సర్దుతోంది.

"అమ్మా, నాను ముందు బెంచీలో కూకున్నాను! ఒక్కదాన్నే!"

"మరి ఆ ఆఫీసర్ల పిల్లలేరే?"

"ఆలందరూ కాన్వెంటుకి ఎల్లిపోనారు."

అమ్మ చెయ్యి ఆగిపోయింది. నన్ను దగ్గరికి లాక్కుని నా జుట్టు వాసన చూసింది.

"రోజూ కుంకుడుకాయలెట్టే రుద్దినాను గదే," అంది, తప్పు తనదే అయినట్టు.

తర్వాత గంప నెత్తికెత్తుకుని ఆ ఆఫీసర్ల వీధికే బయల్దేరింది. అక్కడ మా చేపల్ని ఏ ఇల్లూ ఏనాడూ వద్దనలేదు.