డబ్బాలో పత్తి

ములకలపల్లి బస్సులో కాలు కదిపే చోటు లేదు. కిటికీ పక్కన నన్ను ఆనుకుని కూర్చున్న ఆమె, కొంగు చాటున మందుల డబ్బా తెరిచి మాత్రల మీద పత్తి కుక్కుతోంది. నేను ఆరోగ్య శాఖలో పనిచేస్తాను కాబట్టి, అవి హెచ్‌ఐవీ మాత్రలని డబ్బా మీది పేరు చూడగానే తెలిసింది. నేను చూశానని ఆమెకూ తెలిసింది. లేచి పక్కకు వెళ్లే దారి ఇద్దరికీ లేదు.

"బస్సు ఊగితే చప్పుడైతది అక్కా. ముందల నిలబడ్డది మా ఊరోళ్లే," అంది మెల్లగా.

"మీ ఊరికి పరీక్షలు చేసేవాళ్లు రారా?"

"వచ్చేటోళ్లు. మా దిక్కు కేసులు తక్కువని పైసలు టౌనుకే ఇచ్చిన్రంట. నాలాంటోళ్లం అందరం గిట్ల పత్తి పెట్టుకున్నంక, ఎవరికి కనవడ్తం?"

మొన్న మా ఆఫీసు మీటింగ్‌లో ఒకాయన, "ములకలపల్లి వైపు కేసుల్లేవు" అన్నాడు. నాకు ఆ బస్సు గుంతలో పడిన క్షణం గుర్తొచ్చింది. ఆమె ఒళ్లోంచి ఏ చప్పుడూ రాలేదు. అయినా ఆమె రెండు చేతులూ డబ్బాను అదిమి పట్టుకునే ఉన్నాయి.