నిండుగా చూపించే ముల్లు

డీజిలు రేటు పెరిగిన ప్రతిసారీ మా స్టాఫు రూములో అందరూ ముందు నావైపే చూస్తారు, పెంచింది నేనే అయినట్టు. "ఏం మాస్టారూ, ఏనుగుని ఇంకా మేపుతూనే ఉన్నారా?" అంటాడు ఫిజిక్సు చెప్పే ఆయన. ఆయన ఈ మధ్యే బ్యాటరీ స్కూటరు కొన్నాడు. అప్పటినుంచి మమ్మల్నందర్నీ జాలిగా చూస్తున్నాడు. నేను లెక్కలు చెబుతాను కాబట్టి నా మీద వెటకారం ఇంకాస్త ఎక్కువ. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు వస్తుందో లెక్కల మాస్టారికి తెలియదా అని. తెలుసు. తెలిసే ఊరుకుంటాను.

నాది ఇరవై ఏళ్ల నాటి ఫోర్ వీల్ జీపు. కైకలూరు వైపు చేపల చెరువులు చేసే ఒకాయన దగ్గర పాతదే కొన్నాను. వానాకాలంలో తలుపు తీస్తే ఇప్పటికీ మేత వాసన కొడుతుంది. గేరు రాడ్డు పక్కన ఇంకో పొట్టి రాడ్డు ఉంటుంది. దాన్ని వెనక్కి లాగితే ఇంజను బలం నాలుగు చక్రాలకీ అందుతుంది. గుణదలలో మా సందులోంచి బందరు రోడ్డు మీదుగా కాలేజీకి పోవడానికి ఆ పొట్టి రాడ్డుతో పనే లేదు. మేరీమాత తిరునాళ్లప్పుడైతే అసలు బండి సందు దాటడమే గొప్ప. మరి కాలేజీకైనా స్కూటరు మీద పోవచ్చు కదా అని మా ఆవిడ అడుగుతుంది. ఆటోనగర్ మెకానిక్కు పోనివ్వడు. "రోజూ తిప్పండి మాస్టారూ. వయసైపోయిన బండి. రెండ్రోజులు పడుకోబెడితే మూడోరోజు లేవదు" అంటాడు. అది మంగళవారం లేవకపోయినా, శుక్రవారం లేవకపోయినా నా పని అయిపోయినట్టే.

మంగళవారం, శుక్రవారం మా అక్కకి డయాలసిస్.

అక్క నాకంటే పదకొండేళ్లు పెద్దది. తోట్లవల్లూరు దాటాక కరకట్ట దిగి, కృష్ణ పాయలో ఇసక దారిన అవతలికి పోతే వచ్చే లంకలో ఉంటుంది. బావ పోయి పన్నెండేళ్లయింది. పిల్లల్లేరు. పసుపు, కంద, కాసిని అరటి చెట్లు, ఒక గేదె. మా ఇంటికి వచ్చేయమని తీసుకొచ్చాం. సరిగ్గా పదకొండు రోజులుంది. మూడో అంతస్తు బాల్కనీలో నిలబడి కిందికి చూస్తూ, "ఇక్కడ మట్టి ఎక్కడుందిరా?" అంది. పన్నెండోరోజు పొద్దున్నే సంచీ సర్దేసుకుంది. ఆవిడతో వాదించి గెలిచినవాడు మా వంశంలో లేడు.

ఆ లంకలోకి అంబులెన్సు రాదు, కరకట్ట మీదే ఆగిపోతుంది. ఆటో ఇసకలో కూరుకుపోతుంది. డయాలసిస్ చేయించుకున్న మనిషి ఆ ఇసకలో నడవలేదు. అందుకని వారానికి రెండుసార్లు తెల్లారకముందే లేచి, వెళ్లి అక్కని తీసుకొచ్చి, ఆసుపత్రిలో దింపి, క్లాసులు చెప్పుకుని, మళ్లీ తీసుకెళ్లి ఇంట్లో దిగబెట్టి వస్తాను. పాయలోకి దిగగానే పొట్టి రాడ్డు లాగుతాను. బండి ఒక్కసారి మూలిగి, ఇసకని పట్టుకుని, అవతలికి పాకుతుంది. ఆ అయిదు నిమిషాల కోసమే మిగతా వారమంతా దాన్ని మేపుతున్నాను.

అక్క బండెక్కే పద్ధతి ఒకటి చెప్పాలి. బయల్దేరేవాళ్లకి భర్త పోయిన ఆడమనిషి ఎదురు రాకూడదని మావైపు పట్టింపు. నాకు అలాంటివి ఒళ్లుమంట. అక్కకి మాత్రం అది ఎముకల్లోకి దిగింది. బావ పోయినప్పటి నుంచి ఏ బండికీ, ఏ మనిషికీ ఎదురు నిలబడలేదు. అందుకని నేను వాకిట్లో జీపుని తిప్పి, వెనక భాగం అరుగుకి ఆనించి పెట్టాలి. అక్క అరుగు మీద నుంచి వెనక తలుపు గుండా ఎక్కి కూర్చుంటుంది. ఇంజను ఆపను. ఆపితే స్టార్టరు మొండికేస్తుంది, ఇసకలో తొయ్యడానికి మనుషులు దొరకరు. అలా ఊరికే తిరుగుతూ ఎంత డీజిలు పోతుందో అని నాకు లోపల ఒకటే పీకులాట.

లోపల ఉంచుకుంటే గొడవే లేదు. నా నోటికి దూల ఎక్కువ. ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చేటప్పుడు బంకులో ఆగుతాం. "ఫుల్లు కొట్టమంటారా అండీ?" అంటాడు బంకతను. "ఫుల్లు కొట్టే రోజులు పోయాయి నాయనా. ఈ రాక్షసి నన్ను తాగాకే వదుల్తుంది" అంటాను నేను. నవ్విద్దామనే అంటాను. అతను నవ్వుతాడు. వెనక సీట్లో, చెయ్యంతా పట్టీలతో, అక్క కిటికీకి తలానించి ఉండేది. నిద్రపోతోంది అనుకునేవాణ్ణి. మా వాళ్లం అందరం అంతే, సొంత బండిని నలుగురిలో తిట్టకపోతే దిష్టి తగులుతుందన్నట్టు తిడతాం. తిట్టింది బండినే. కానీ వినేవాళ్లకి ఎవరి మీద తగులుతుందో ఎప్పుడూ ఆలోచించలేదు.

ఒక శుక్రవారం తెల్లారగట్ల అక్క ఫోన్ చేసింది. "ఇయ్యాళ రావద్దురా. మిషను పాడైందంట. ఫోన్ చేసి చెప్పారు."

నిజం చెప్పుకోవాలి కదా. నాకు హాయిగా అనిపించింది. దుప్పటి కప్పుకుని మళ్లీ పడుకున్నాను.

తర్వాత వారం, "డాక్టరు గారు ఇక వారానికి ఒక్కసారి చాలన్నారురా, రక్తం బాగుందంట" అంది. లెక్కల మాస్టారిని, ప్రతిదానికీ రుజువు అడిగేవాణ్ణి, రిపోర్టు ఏదని అడగలేదు. ఆసుపత్రికి ఒక్క ఫోను చేయలేదు. మా ఆవిడతో, "చూశావా, లంకలో మట్టి మహిమ" అన్నాను. ఆ వారానికొక్కసారిలో కూడా ఒక మంగళవారం గేదె ఈనుతోందని ఎగ్గొట్టింది. అప్పుడూ నమ్మాను. నెలన్నర అలా గడిచింది. ఆ ధైర్యంతోనే ఆటోనగర్ వెళ్లి, బండికి బేరం చూడమని మెకానిక్కుకి చెప్పాను. "ఇట్టాగే ఎవరూ కొనరండీ. విప్పి పార్టులుగా అమ్మేవాళ్లు తీసుకుంటారు" అన్నాడు. సరేనన్నాను. వచ్చే ఆదివారం వాళ్లు వచ్చి చూసేట్టు మాట అయింది.

ఆ ఆదివారం రాకముందే ఒక గురువారం, రెండో పీరియడ్ మధ్యలో ఆసుపత్రి నుంచి నర్సమ్మ ఫోన్ చేసింది. "సార్, మేడమ్ గారు సరిగా రావట్లేదేంటండీ? మేం ఫోన్ చేస్తే తమ్ముడికి ఖాళీ లేదంటున్నారు. ఇలా మానేస్తే ఊపిరితిత్తుల్లోకి నీరొస్తుంది సార్. మీకు తెలుసా?"

బోర్డు మీద లెక్క సగంలో ఉంది. సుద్దముక్క చేతిలో పట్టుకునే బయటికి వచ్చేశాను.

ఆ రోజు పొద్దుటి నుంచి ముసురు. పాయలో నీళ్లు చక్రాల సగం దాకా ఉన్నాయి. పొట్టి రాడ్డు లాగి, పైకే తిట్టుకుంటూ నడిపాను. అక్కని కాదు, బండిని కాదు, నన్నే. వెళ్లేసరికి అరుగు మీద కూర్చుని పసుపు కొమ్ములు చూసుకుంటోంది. మొహం ఉబ్బిపోయింది. పాదాలు నొక్కితే గుంట పడేట్టున్నాయి. మాట మాటకీ ఆయాసం.

"మిషను పాడైందా అక్కా?"

నా మొహం చూసి అర్థమైపోయింది. బుకాయించలేదు. "ఎన్నాళ్లు బతకాలిరా నేను? ఎన్ని ట్యాంకులు పొయ్యాలి నువ్వు?" అంది.

నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చేశాయి. "నోరు మూసుకుని బండెక్కు" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక అక్కని ఆ మాట అనడం అదే మొదటిసారి. జీపుని తిప్పి, ఎప్పట్లా వెనక భాగం అరుగుకి ఆనించి, ఇంజను తిరుగుతుండగా సీట్లో కూర్చుని ఎదురుచూశాను. వెనక తలుపు చప్పుడు కాలేదు. తలెత్తి చూస్తే, అక్క గోడ పట్టుకుంటూ అరుగు దిగి, చుట్టూ తిరిగి వచ్చి బానెట్టు ముందు నిలబడింది. వానలో, చెంగు కూడా తల మీదికి లాక్కోకుండా.

"ఎదురొచ్చా. ఇంక ఈ ప్రయాణం లేదు. ఇంటికి పోరా."

పన్నెండేళ్లు ఎవరికీ ఎదురుపడని మనిషి. తన మీద లోకం వేసిన ఆ ముద్రని ఇన్నాళ్లూ దాచుకుని దాచుకుని, చివరికి నాకు అడ్డంగా పెట్టింది. ఎత్తి బండిలో వేయగలను, కానీ రేపు శుక్రవారమో, వచ్చే మంగళవారమో మళ్లీ ఎవరు ఎత్తుతారు? మనసు లేని మనిషిని ఎన్నిసార్లని మోస్తాం? కాసేపు వైపర్లు అటూ ఇటూ తిరగడం చూస్తూ కూర్చున్నాను.

తర్వాత ఇంజను ఆపేశాను.

ఆ నిశ్శబ్దానికి అక్కే కంగారుపడింది. "ఆపేశావేంటిరా! మళ్లీ లేస్తదా అది?"

బండి దిగాను. గాబు దగ్గరికి వెళ్లి కాళ్లు కడుక్కున్నాను. వంటింట్లోకి వెళ్లి చెంబుతో మంచినీళ్లు తాగాను. వచ్చి అరుగు మీద, పసుపు కొమ్ముల పక్కన కూర్చున్నాను. శకునం బాగుండకపోతే మా ఇళ్లలో చేసేది ఇదే. చిన్నప్పుడు నాకు నేర్పింది కూడా ఆవిడే, పరీక్షకి పోతుంటే పిల్లి అడ్డమొచ్చినప్పుడు. కాళ్లు కడుక్కుని, నీళ్లు తాగి, కాసేపు కూర్చుంటే పోతుందని.

"కూర్చున్నా కదా. పోయింది. ఇప్పుడెక్కు" అన్నాను.

అక్క నన్నే చూసింది. నవ్వబోయింది, దగ్గొచ్చింది. బానెట్టు మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. ఆ తర్వాత వెనక్కి పోలేదు. ఆ ఉబ్బిన పాదాలతో ముందు తలుపు దగ్గరికి వచ్చి, "పట్టుకో, ఎక్కలేను" అంది. మొదటిసారి నా పక్కన కూర్చుంది. తాళం తిప్పితే బండి రెండుసార్లు దగ్గి ఊరుకుంది. నాలుగోసారికి లేచింది.

డాక్టరు గారు నన్ను బయటికి పిలిచి మెల్లిగా చెప్పారు. గుండె మీద భారం పడింది, నెలన్నరలో జరిగిన నష్టం వెనక్కి రాదు, ఇక వారానికి మూడుసార్లు చేయాలి అని. రెండుసార్లు ఎక్కువనిపించిన నాకు ఇప్పుడు మూడుసార్లు. ఈ మూడూ ఎన్నాళ్లని అడగబోయి మానేశాను.

మర్నాడే మెకానిక్కు దగ్గరికి వెళ్లి బేరం వద్దన్నాను. ఇంకో పని కూడా చేయించాను. డీజిలు మీటరు వైరు మార్పించి, ముల్లు ఎప్పుడూ నిండుగానే చూపించేట్టు పెట్టించాను. "అదేంటి మాస్టారూ, ఎక్కడ ఆగిపోద్దో మీకే తెలీదు కదా!" అన్నాడు. కిలోమీటర్లు గుర్తుపెట్టుకుంటానన్నాను. ఇప్పుడు బంకుకి ముందురోజు సాయంత్రమే ఒక్కణ్ణే వెళ్లి వస్తున్నాను. అక్క ఉన్నప్పుడు బంకు పక్కనుంచి తల తిప్పకుండా పోతాను. స్టాఫు రూములో ఏనుగు మాట వస్తే పేపరు దిద్దుకుంటాను.

అక్క ఇప్పుడు ముందు సీట్లోనే కూర్చుంటోంది. సోమ, బుధ, శుక్రవారాలు. మొన్న సోమవారం తిరిగి వస్తుంటే కరకట్ట మీద కళ్లు తెరిచి, చాలాసేపు ఆ ముల్లు వైపు చూసింది.

"ఈ మధ్య ఇది తాగడం తగ్గించిందిరా."

"అవునక్కా. రిపేరు చేయించా" అన్నాను, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

బండి పాయలోకి దిగింది. పొట్టి రాడ్డు లాగాను. ఇసకలో ఊగుతూ అవతలి ఒడ్డు చేరాం. అప్పుడు అక్క నా భుజం మీద చెయ్యి వేసి అంది.

"నేను చెప్పినయ్యన్నీ నువ్వు నమ్మావు కదరా. ఇది నేను నమ్ముతాలే."