చిలుక ముక్కు కోసం సూరత్ వెళ్ళాను

"అక్కా, నా చేతి రొట్టె ఎవ్వలు తింటలేరే" అని మా తమ్ముడు రాజేందర్ ఫోన్‌లో ఏడ్చాడు. వాడు సూరత్‌లో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద బట్ట నేస్తాడు. అక్కడి డిండోలి పేటలో ఆరుగురుండే రూములో జొన్నరొట్టెలు కొట్టేదీ వాడే. ముంజేతి మీద చిలుక టాటూ వేయించుకుంటే అది ఉబ్బిందట. కుష్టు అని రూమువాళ్ళు వాడి కంచం వేరు చేశారట. నాకు ఒళ్ళు మండింది. అంగన్‌వాడీకి ఐదు రోజులు సెలవు పెట్టి, సాయంత్రం ఏడున్నరకు వరంగల్‌లో రైలెక్కాను.

మర్నాడు నందుర్బార్ దాటాక, ఎదుటి సీటులో ఉన్న, సూరత్ గోడాదరాలో స్థిరపడిన మన తెలుగు పెద్దాయన నా కథంతా విని, "సాంచ నూనె రాసిండా బిడ్డా? మనోళ్ళు ముందుగాల గదే రాస్తరు" అన్నాడు.

"రాసిండు తాతా, మీదికెల్లి సున్నం గూడ పెట్టిండు" అన్నాను.

రెండున్నరకు సూరత్‌లో దిగి షేర్ ఆటోలో రూముకు చేరాను. వాడి చెయ్యి చూశాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చిలుక ఒళ్ళంతా పచ్చగా, నున్నగా ఉంది. ఎర్ర ముక్కు, మెడ చుట్టూ ఎర్ర గీత మాత్రం వడియాల్లా లేచాయి.

తర్వాతి రోజు పదింటికి ఆస్పత్రికి వెళ్ళాం. చర్మం డాక్టరమ్మ పోయిన వారమే చిన్న ముక్క కోసి పరీక్షకు పంపింది. ఆవిడ రిపోర్టు చదువుతున్నంతసేపూ వాడు నా కొంగు వదల్లేదు.

"కుష్టు కాదు, టీబీ కాదు. ఎర్ర రంగు నీ ఒంటికి పడలేదు. ఇది ఎవరికీ అంటుకోదు" అంది హిందీలో.

ఉబ్బిన చోటే ఇంజెక్షన్ చేసింది. నెలకోసారి చూపించుకోవాలి, తగ్గకపోతే ఆ ఎర్ర భాగం వరకే కోసి తీసేస్తారట. లేజరుతో చెరిపించుకుంటానంటే మాత్రం కోప్పడింది. రంగు పగిలి లోపల కలిస్తే ఒళ్ళంతా దద్దుర్లు రావచ్చట.

"మేడమ్, ఈ మాట మా రూమువాళ్ళకు కూడా చెప్పండి" అని రూముకు ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాను. ఆవిడ చెప్పింది. పైగా "కుష్టయినా మందుంది. కంచం వేరు చేస్తే తగ్గుతుందా?" అని వాయించింది.

ఆ సాయంత్రం వాడు రొట్టెలు కొడుతుంటే అందరూ వచ్చి కూర్చున్నారు. మొదట కుష్టు అన్న మల్లయ్యే ముందుగా కంచం చాపి, "రాజిగా, జర మాడింది నాకెయ్యిరా" అన్నాడు. గెలిచాం అనుకున్నాను.

సూరత్ చీరల బజారు చూడలేదు, తాపీ నది చూడలేదు. అయినా ఇంత సంతోషంగా ఏ ఊరి నుంచీ తిరిగి రాలేదు. మీ ఇంట్లో ఎవరికైనా టాటూలో ఒక్క రంగే ఇలా ఉబ్బితే, నూనెలూ సున్నాలూ మాని చర్మం డాక్టరుకు చూపించండి.

తిరుగు రైల్లో మధ్యాహ్నం, వాడు కట్టిచ్చిన రొట్టెల మూట విప్పాను. పక్కనున్నామె ఒక రొట్టె తిని, "మస్తు మెత్తగున్నయి. ఎవలు చేసిన్రు?" అంది.

బోగీ అంతా వినపడేలా చెప్పాను. "మా తమ్ముడు!"