తాత కుర్చీ వైపు తిరిగే చేపలు

మా చిన్నప్పుడు... పొద్దుగూకే వేళకి మా ఇంట్లో చేపలన్నీ ఒకే వైపు తిరిగి నిలబడేవి. తాత కుర్చీ వైపు.

మాది ఐరాల దగ్గర పల్లె. వసారాలో బల్ల మీద గాజు తొట్టి ఉండేది. అందులో తాత చిత్తూరు నుంచి కవర్లో నీళ్ళు పోయించుకుని తెచ్చిన చేపలు. పసుపు ఒంటి మీద నల్లటి పట్టీలు... పులిపిల్లల్లా ఉండేవి. టైగర్ బార్బులంటారని తర్వాత తెలిసింది. ఒకటి తిరిగితే అన్నీ తిరిగేవి.

దీపం పెట్టే వేళకి తాత కుర్చీలో కూర్చుని, వెండి ఉంగరంతో గాజు మీద టక్ టక్ మని కొట్టి మేత వేసేవాడు.

"ఇవి మంద సేపలు పాపా. ఒంటిగా ఇడిస్తే మేత ముట్టవు. దిగులుతోనే పోతాయి" అనేవాడు.

తొట్టిలో నీళ్ళు కూడా ఒక్కసారిగా మార్చేవాడు కాదు, చేపలు తట్టుకోలేవని. ముందురోజు పట్టి ఉంచిన నీళ్ళే... చెంబుతో, కొంచెం కొంచెం.

ఒక ఎండాకాలం తాత పోయాడు.

మా ఇళ్ళలో శవం లేచాక నిలవ నీళ్ళన్నీ పారబోస్తారు. కడవలు, బిందెలు అన్నీ బోర్లించాక అవ్వ వసారాలోకి వచ్చింది.

"ఇవీ నిలవ నీళ్ళే గదరా. పారబొయ్" అంది మా నాయనతో.

"తాత చెంబుతోనే మారుస్తాడు అవ్వా..." అన్నాను.

"నువ్వు ఊరుకో మే. సావు నీళ్ళు ఇంట్లో పెట్టుకుంటారా యాడన్నా?"

నాయన చేపల్ని బకెట్లోకి తీసి, తొట్టి కడిగి, కొళాయి నీళ్ళు నిండా పట్టి వాటిని మళ్ళీ వదిలాడు. తెల్లారేసరికి అన్నీ తేలాయి. ఒక్కటి తప్ప.

అది మూలలో తల కిందికి వంచి నిలబడింది. మేత వేస్తే చూడలేదు. తాత చేత్తో మేత తిన్న ప్రాణం అదొక్కటే మిగిలింది. అదీ పోతే తాత రెండోసారి పోయినట్టే అనిపించింది నాకు.

అమ్మ బొట్టు పెట్టుకునే అద్దం తెచ్చి గాజుకి ఆనించాను. తోడు ఉందనుకుంటుందేమోనని. అది తిరిగింది... అద్దంలోదీ తిరిగింది. మర్నాడు మేత ముట్టింది.

ఆ సాయంత్రం అవ్వా నేనూ తొట్టి పక్కన గోరుచిక్కుళ్ళు తుంచుతున్నాం. ఇల్లంతా నిశ్శబ్దం.

టక్... టక్.

అవ్వ చేతులు ఆగిపోయాయి. కుర్చీ ఖాళీగా ఉంది. ఉంగరం అవ్వ పెట్టెలో ఉంది.

చూస్తే చేప అద్దాన్ని వదిలేసి, కుర్చీ వైపు వచ్చి, మూతితో గాజుని పొడుస్తోంది. టక్... టక్. తాత కొట్టినట్టే.

"ఆయన్ని పిలస్తా ఉండాది మే..." అంది అవ్వ, చాలా మెల్లగా.

మర్నాడే నాయనని చిత్తూరు పంపింది, దానికి తోడు తెమ్మని.

"సేపకి తోడు కావాలంట! నన్నొక సొక్కా తెచ్చుకోమని ఏనాడన్నా అనిందా మీ అవ్వ?" అని గొణుక్కుంటూనే వెళ్ళాడు. ఈసారి నీళ్ళు అవ్వే ముందురోజు పట్టి ఉంచింది.

కొత్త చేపలు మొదట చెల్లాచెదురుగా తిరిగాయి. కొన్నాళ్ళకి ఒక సందెవేళ చూద్దును కదా... పాత చేప ముందు, అవన్నీ దాని వెనక, కుర్చీ వైపు తిరిగి కదలకుండా నిలబడి ఉన్నాయి.

ఆ తర్వాత పాత చేప చచ్చిపోయింది. అయినా మిగిలినవి ఆ వేళకి తిరగడం మానలేదు. అవి తాతని చూసినవి కావు. ఎవరి కోసం నిలబడుతున్నాయో వాటికే తెలియదు.

అవ్వ మేత తెచ్చేది. కుర్చీలో మాత్రం కూర్చునేది కాదు. పక్కన నిలబడి వేస్తూ, "ఉండండి... వస్తాడు" అనేది వాటితో.

ఇప్పుడు తిరుపతిలో మా అద్దె ఇంట్లోనూ ఒక తొట్టి ఉంది. మోటారు, రంగుల లైటు... అన్నీ మా ఆయన పెట్టించారు. నీళ్ళు మాత్రం నేను చెంబుతోనే మారుస్తాను. లైటు ఆరదు కాబట్టి ఈ చేపలకి పొద్దుగూకడమే తెలియదు. ఎటు పడితే అటు తిరుగుతుంటాయి. మేమూ అంతే... ఎవరి ఫోను వైపు వాళ్ళం.

అయినా ఆ వేళకి తొట్టి పక్కన ఒక కుర్చీ ఖాళీగా వేసి ఉంచుతాను. ఎవరికని మా ఆయన అడిగితే నవ్వి మేత డబ్బా అందుకుంటాను.

మీ ఇంట్లోనూ అలా ఎవరూ కూర్చోని కుర్చీ ఒకటి ఉండేదా... అది ఎవరిదో చెప్పరూ?