మొగిలి అసలు వయసు

మహబూబాబాద్‌లో గుమస్తాగా పనిచేసే మొగిలి దేన్నీ ఒక పట్టాన నమ్మడు. తలుపుకు తాళం వేసి, నాలుగడుగులు పోయి, మళ్లీ వచ్చి లాగి చూస్తాడు. చాయ్ దగ్గర ఫోన్‌ను అరచేత్తో దాచుకుని, ముందే రిటైరయితే గడుస్తుందో లేదో చెప్పే ఆన్‌లైన్ క్యాలిక్యులేటర్ తెరుస్తాడు. పేరు అడిగితే దొంగ పేరు కొడతాడు. జీతం తగ్గించి చెబుతాడు. అది ఏ జవాబిచ్చినా "గిదంత మనకు పాలసీ అంటగట్టెటందుకే" అని గొణిగి ఇంకోటి తెరుస్తాడు.

ఆదివారం ఇంట్లో అలాంటిదే ఇంకో క్యాలిక్యులేటర్ తెరిస్తే, వయసు గడి దగ్గర అతని వేలు ఆగిపోయింది. సర్టిఫికెట్‌లో ఉన్నది బడిలో చేర్చుకున్న సారు అందాజాగా వేసిన పుట్టినతేదీ. ఇప్పుడు దానిమీదా అనుమానమే. పక్కన చిక్కుడుకాయలు తుంచుతున్న తల్లి పెంటమ్మను అడిగాడు.

"అవ్వా, నేను అసలు ఎప్పుడు పుట్టిన?"

"చేన్ల మక్క కంకులు ఇరిసేటప్పుడు."

"ఏ ఏడు?"

"గదెవలకు యాదుంటది?" పెంటమ్మ చేతిలో కాయ ఆపి అతని మొహంలోకి చూసింది. "అలిసిపోయినవా కొడుకా?"

ఎవరైనా విన్నారేమోనని మొగిలి వాకిట్లోకి తొంగిచూశాడు. ఫోన్ బోర్లించాడు. అప్పుడు అవునన్నట్టు తలూపాడు.