సగం మూత మందు

మా సందు చివరి మెడికల్ షాపు అన్న పోయాడని మొన్న మంగళవారం పొద్దున పక్క ఫ్లాట్ ఆవిడ చెప్పింది. గుండెనొప్పి అన్నాడట, ఆసుపత్రికి చేరేలోపే అయిపోయిందట. పిండి గరిటె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఏడుపు కంటే ముందు నాకు భయం వేసింది. రేపు పాపకు జలుబు చేస్తే నేనెవర్ని అడగాలి?

మేం గుంటూరు నుంచి అమీర్‌పేట వచ్చి తొమ్మిదేళ్లు. ఇన్నేళ్లలో ఆయనతో పోట్లాడినంతగా మా ఆయనతో కూడా పోట్లాడలేదు. అడిగిన మందు ఇచ్చి పంపొచ్చుగా! ఎవరికి, ఎన్నేళ్లు, ఎన్నాళ్ల నుంచి అని ఒకటే ఆరా. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, అట్టపెట్టె మీది చిన్న అక్షరాలు ముక్కు దగ్గర పెట్టుకుని చదివేవాడు. నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదు అని ఉన్న చోట ఎర్ర పెన్నుతో గీత గీసి మరీ ఇచ్చేవాడు. వెనక హాస్టల్ పిల్లలు వరసలో విసుక్కుంటున్నా ఆయనకు పట్టేది కాదు. చంటిపిల్లలకు జలుబు సిరప్ అడిగితే సరే సరి, డాక్టర్ చీటీ లేనిదే సీసా ముట్టుకునేవాడు కాదు. "పెద్ద పిలగాని మందుల సగం తీస్తే అది చిన్నదాని మందు కాదమ్మా" అనేవాడు. ఇంట్లో ఆయనకు చాదస్తం అన్న అని పేరు పెట్టింది నేనే.

మూడేళ్ల కిందటి మాట. అప్పుడు పాపకు ఎనిమిదో నెల, బాబుకు ఏడేళ్లు. ఇద్దరికీ ఒకేసారి జలుబు పట్టుకుంది. బాబు సిరప్ ఇంట్లోనే ఉంది. వాడికి ఒక మూత కదా, దీనికి సగం మూత చాలనుకున్నాను. మా ఇళ్లలో అంతేగా, పెద్దవాడి చొక్కా చిన్నవాడికి, పెద్దవాడి మందూ చిన్నవాడికే. పొద్దున్నే వేశాను. ముక్కు కారడం తగ్గలేదని పదింటికి వేశాను. అన్నం వేళకు మళ్లీ వేశాను. సీసా అయిపోయింది. ఆ ఖాళీ సీసా చూపించి ఇంకోటి తెచ్చుకుందామని పాపను భుజాన వేసుకుని షాపుకు వెళ్లాను.

ఎవరికని అడిగాడు. బాబుకని చెప్పాను. ఆయన చెయ్యి సీసాల మీదికి పోలేదు. పాపనే చూస్తున్నాడు. అంత ఎండలో, అన్ని హారన్ల మధ్య అది తల వాల్చేసి ఉంది. కౌంటర్ దాటి వచ్చి దాని అరికాలు వేలితో గీరాడు. పాప కాలు లాక్కోలేదు.

"చెల్లె, దీనికేమన్న తాపినవా?"

"ఒక్కసారే అన్నా. సగం మూత."

షట్టర్ దించేసి ఆటో ఆపాడు. పంజాగుట్టలో పిల్లల ఆసుపత్రికి మమ్మల్ని తీసుకెళ్లాడు. అంత భయం నేను జన్మలో ఎప్పుడూ పడలేదు. సిగ్నల్ దగ్గర ఆటో ఆగిపోతే ఆ నిమిషం నాకు గడవలేదు. పేరు పెట్టి పిలిస్తే పాప కళ్లు తెరుస్తుంది, మళ్లీ మూసేస్తుంది. ఆయన ఖాళీ సీసా చేత్తో పట్టుకుని పక్కన కూర్చున్నాడు. "డాక్టరమ్మకు నిజం చెప్పు చెల్లె. నిన్నెవ్వరు ఏమనరు" అన్నాడు.

డాక్టరమ్మ అడిగినప్పుడు ఆయన పక్కనే ఉన్నాడు. రెండుసార్లు అన్నాను. మూడు అనడానికి నోరు రాలేదు. కన్నబిడ్డ ప్రాణం మీదికొచ్చినా నేను పరువు చూసుకున్నాను. నా బతుక్కి సిగ్గు లేదు.

పాపను సాయంత్రం దాకా అక్కడే ఉంచి కనిపెట్టుకుని చూశారు. చీకటి పడే ముందు అది ఆకలేసి గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విని ఆయన గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకున్నాడు. ఇగ ఫికర్ లేదని చెప్పి షాపు తెరవడానికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏనాడూ ఆ సంగతి ఎత్తలేదు. పాపకు ముక్కు కారితే చాలు, నేనే పరిగెత్తేదాన్ని. ముక్కులో ఉప్పునీటి చుక్కలు వేయమనేవాడు, పాలు పట్టమనేవాడు, ఆయాసం కనిపిస్తే తన దగ్గరికి కాదు, నేరుగా డాక్టర్ దగ్గరికి పొమ్మనేవాడు. ఆ మూడోసారి సంగతి చెప్పాలని మూడేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. చెప్పలేదు.

నిన్న పాపను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య చాప మీద కూర్చుని ఉంది. వదినా, ఆరోజు నేను అబద్ధం చెప్పాను, మూడుసార్లు తాపాను అని ఏడ్చేశాను.

"ఆయనకు ఎరుకనే బిడ్డా" అంది ఆవిడ. "నువ్వు పాప దగ్గరున్నప్పుడు డాక్టరమ్మ దగ్గరికి మళ్ల పోయిండట. తల్లి భయపడి తక్కువ చెప్తుంది మేడం, ఎక్కువనే తాగిందనుకొని చూడుండ్రి అన్నడట."

ఆయన ఆ మాట చెప్పకపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి కూడా ధైర్యం లేదు. ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని పాప ఎప్పుడో నిద్రపోయింది. నా వేలు దానంతటదే దాని ముక్కు కిందికి వెళ్లింది.

"పండుకున్నదమ్మా, గంతే" అంది వదిన.

వేలికి ఊపిరి వెచ్చగా తగులుతూనే ఉంది. అయినా తీయబుద్ధి కాలేదు.