తుమ్మితే తిరిగే లారీ

పర్చూరు చుట్టుపక్కల ఊళ్లలో మిరపకాయల బస్తాలు ఎక్కించుకుని గుంటూరు యార్డులో దించి రావడం జక్రయ్యకు ముప్పై ఏళ్ల పని. మిరప లోడు వెనకుంటే క్యాబిన్‌లో కిటికీ తీసినా ఘాటే, మూసినా ఘాటే. ఆ దారిలో డ్రైవర్లందరూ తుమ్ముతారు. జక్రయ్య తుమ్మితే మాత్రం రోడ్డు పక్క టీకొట్లో గ్లాసులు కదులుతాయని చెప్పుకునేవాళ్లు. అది కాస్త ఎక్కువ చేసి చెప్పడమే. చెట్ల మీది కాకులు లేచిపోయే మాట మాత్రం నిజం.

పాత లారీ ఈ తుమ్ముల్ని అసలు పట్టించుకునేది కాదు. దాని స్టీరింగు తిప్పాలంటే భుజాలు, నడుం, వంపు మరీ పెద్దదైతే పళ్లు కూడా పనిచెయ్యాలి. తిప్పీ తిప్పీ జక్రయ్య కుడి చెయ్యి ఎడమ చేతికంటే లావెక్కింది. పర్చూరులో బుడే అనే టైలరు ఆయన చొక్కా కొలతల్లో రెండు చేతులకూ రెండు లెక్కలు రాసుకునేవాడు. ఎవరైనా ఆ చెయ్యి చూసి మెచ్చుకుంటే "ఏముందిలే, బండి పని" అనేవాడు గానీ, ఆ రోజు మాత్రం చొక్కా చేతులు ఇంకో మడత పైకి వెళ్లేవి.

ఆ చేతులకు రోడ్డంతా తెలుసు. నల్లరేగడి మీద వేసిన తారు రోడ్డు వానకు పొంగుతుంది, ఎండకు కుంగుతుంది. ఎక్కడ కుంగిందో, ఎక్కడ పక్కకు లాగుతుందో కళ్లకంటే ముందే ఆయన అరచేతికి అందేది.

కిందటేడు ఓనరు శివనాగరాజు పాత లారీ అమ్మేసి పవర్ స్టీరింగు ఉన్న కొత్త లారీ కొన్నాడు. పూలదండ వేసి, నిమ్మకాయలు తొక్కించి, తాళాలు జక్రయ్య చేతిలో పెట్టాడు.

"ఇక నీ భుజాలకి రెస్టు జక్రయ్యా. చిటికెన వేలితో తిప్పుకోవచ్చు!"

జక్రయ్య నవ్వాడు గానీ, మొదటి రోజే ఆయన ప్రాణం ఉసూరుమంది. ఇంటికొచ్చి భార్య పున్నమ్మ దగ్గర వాపోయాడు.

"గాలిని తిప్పుతున్నట్టుందే. చేతికి రోడ్డు తెలీటం లేదు."

"కళ్లు తెరిచి చూడవయ్యా. అద్దం ముందరే ఉంటుందిగా రోడ్డు," అంది పున్నమ్మ. ఆమె కోల్డ్ స్టోరేజీ షెడ్డులో ఎండుకాయలకు తొడిమలు తీసే పని చేస్తుంది. పొద్దంతా ఆ ఘాటులో కూర్చుని వచ్చిన మనిషికి మొగుడి బాధలు అంత తేలిగ్గా ఎక్కవు.

మూడో రోజు లోడుతో వస్తుంటే జక్రయ్యకు తుమ్ము వచ్చింది. అలవాటు ప్రకారం స్టీరింగును రెండు చేతులా బిగించి, భుజాలు దించి, ఒళ్లంతా ఊపి తుమ్మాడు. పాత లారీ అయితే ఇంచు కూడా కదిలేది కాదు. కొత్తది బహు వినయంగా ఎడమకు తిరిగి, మార్జిను దిగి, కల్లంలో ఎండబోసిన మిరపకాయల పట్టా మీద ముందు చక్రం మోపి ఆగింది.

కాపలా ఉన్న రైతు చలమయ్య కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఒరేయ్! కళ్లు నెత్తికెక్కాయా..." అనబోయి తనే తుమ్మాడు. చక్రం కింద నలిగిన కాయల ఘాటు ఇద్దరి ముక్కులకూ ఒకేసారి పట్టింది. చలమయ్య తిట్టడానికి నోరు తెరుస్తాడు, తుమ్ముతాడు. జక్రయ్య తప్పయిపోయిందని చెప్పబోతాడు, తుమ్ముతాడు. పావుగంట ఇలా గడిచాక చలమయ్యకు ఓపిక నశించి, కర్రతోనే దారి చూపించాడు.

ఆ వారంలోనే ఇంకో రెండుసార్లు లారీ రోడ్డు దిగింది. ఒకసారి కుడికి తిరిగినప్పుడు ఎదురుగా బస్సు కూడా వచ్చింది, వెంట్రుకవాసిలో తప్పింది. ఆ సాయంత్రం జక్రయ్య అన్నం ముట్టలేదు. తను ఎవరినైనా చంపేస్తానేమోనని మొదటిసారి భయం వేసింది.

భయపడ్డ మనిషి ఎవరినైనా సలహా అడగాలి. కానీ ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న డ్రైవరు స్టీరింగు పట్టుకోవడం గురించి ఎవరిని అడుగుతాడు? అందుకని సొంత వైద్యం మొదలెట్టాడు. ముందు టైర్లలో గాలి తగ్గించేశాడు. మెత్తబడ్డ టైర్లు రోడ్డుకు అతుక్కుని స్టీరింగు బరువెక్కింది. మళ్లీ భుజాలకు పని దొరికింది. జక్రయ్యకు పోయిన ప్రాణం లేచొచ్చింది. నెల తిరక్కుండానే ఆ కొత్త టైర్ల అంచులు రెండు వైపులా బోడిగుండులా నున్నగా అరిగిపోయాయి.

శివనాగరాజు టైర్లను చూశాడు, జక్రయ్యను చూశాడు, మళ్లీ టైర్లను చూశాడు.

"గాలి తీసింది నువ్వేనా?"

"నేనేనండి. స్టీరింగు మరీ తేలిగ్గా ఉంది, తుమ్మితే బండి పక్కకి పోతోందని..."

"బరువుగా ఉందని ఏడ్చేవాళ్లని చూశా గానీ, తేలిగ్గా ఉందని ఏడ్చేవాణ్ణి నిన్నే చూస్తున్నా." ఆయన గొంతులో నవ్వు లేదు. "సోమవారం లోడుకి నేను పక్కన కూర్చుంటా. బండి ఒక్కసారి పక్కకి పోయినా తాళాలు ఇచ్చెయ్. కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర కుర్చీ వేయిస్తా, కాపలా ఉందువు గాని."

కుర్చీ అన్న మాట జక్రయ్యకు గుండెలో గుచ్చుకుంది. స్టీరింగు లేని తన చేతుల్ని ఆయన ఊహించుకోలేకపోయాడు.

పరువు పక్కనపెట్టి శనివారం చిలకలూరిపేటలో మాబు సాహెబ్ షెడ్డుకు వెళ్లాడు. మాబు సాహెబ్ స్టీరింగులు తప్ప వేరే పని ముట్టని మెకానిక్కు, జక్రయ్యకు పాత స్నేహితుడు. లారీని చిన్న చక్కరు కొట్టించి వచ్చి స్టీరింగు బాక్సు మీద చెయ్యి వేశాడు.

"దీని లోపల సన్నటి ఊచ ఒకటి ఉంటుంది జక్రయ్యా. నువ్వు తిప్పితే అది కొంచెం మెలి తిరుగుతుంది. ఎంత మెలి తిరిగితే ఆయిలు అంత గట్టిగా చక్రాల్ని తిప్పుతుంది. చిటికెడు అడిగితే చిటికెడు ఇస్తుంది. నువ్వేమో భుజం పెట్టి అడుగుతున్నావ్!"

"బిగించు సాయిబూ. ఎంత వీలైతే అంత బిగించు."

మాబు సాహెబ్ బాక్సు మీది స్క్రూను పావు చుట్టు తిప్పి స్పానరు కింద పెట్టేశాడు.

"అంతేనా?"

"అంతే. ఇంకా బిగిస్తే వంపులో తిప్పిన స్టీరింగు తనంతట తాను వెనక్కి రాదు. బరువు ఉంటుంది గానీ రోడ్డు మాట చేతికి చేరదు. నీకు కావాల్సింది బరువా, రోడ్డా?"

జక్రయ్యకు రోడ్డే కావాలి. ఇన్నాళ్లూ ఆ రెండూ ఒకటే అనుకున్నాడు.

"మరి తుమ్ముకేం చెయ్యను?"

"తుమ్ముకి నా దగ్గర స్పానరు లేదు," అన్నాడు మాబు సాహెబ్.

దానికి మందు పున్నమ్మ దగ్గర దొరికింది. మొత్తం కథ విని ఆమె తల కొట్టుకుంది.

"మా షెడ్డులో యాభై మందిమి పొద్దంతా తుమ్ముతూనే ఉంటాం. తుమ్మినప్పుడల్లా చెయ్యి బిగిస్తే కాయలన్నీ విరిగి పనికిరాని తాలులో పోవూ? తుమ్ము వస్తందంటే ముందు వేళ్లు వదులు చేస్తాం. నోరు దాని పని అది చేసుకుంటది, చెయ్యి దాని పని అది చేసుకుంటది."

"అంతేనా?"

"అంతే. ముప్పై ఏళ్లుగా మిరపకాయలు మోస్తన్నావు గానీ ఒక్క కాయన్నా చేత్తో పట్టుకుని చూశావా?"

ఆదివారం చర్చి నుంచి రాగానే పాఠం మొదలైంది. జక్రయ్య చేతికి ఒక సత్తు పళ్లెం ఇచ్చి, స్టీరింగులా పట్టించి, రెండు చేతుల వేళ్ల కిందా పళ్లెం అంచు మీద ఒక్కో ఎండుమిరపకాయ పెట్టింది. పొయ్యి మీద నూనె లేకుండా పిడికెడు కాయలు మాడ్చింది. ఇల్లంతా పొగ. జక్రయ్య తుమ్మాడు, ఫట్‌మని రెండు కాయలూ విరిగాయి. ఇంకో రెండు పెట్టింది, అవీ విరిగాయి. ఇరుగుపొరుగు వాళ్లు దగ్గుతూ వచ్చి ఏమైందని అడిగితే "మా ఆయన డ్రైవింగు నేర్చుకుంటన్నాడు" అని చెప్పి పంపేసింది. పొద్దు వాలే వేళకు ఒక తుమ్ముకు కాయలు రెండూ విరక్కుండా నిలిచాయి. పున్నమ్మ ఇంకో మూడుసార్లు తుమ్మించి గానీ పొయ్యి ఆర్పలేదు.

సోమవారం పొద్దున్నే శివనాగరాజు ముక్కుకు తువ్వాలు కట్టుకుని క్యాబిన్‌లో కూర్చున్నాడు. టైర్లలో నిండా గాలి, వెనక నిండా బస్తాలు. పర్చూరు దాటేదాకా ఆయన రోడ్డును చూడలేదు, పరీక్ష హాల్లో ఇన్విజిలేటరులా జక్రయ్య చేతులనే చూశాడు.

మొదటి తుమ్ము అక్కడే వచ్చింది. జక్రయ్య వేళ్లు విప్పాడు. స్టీరింగు అరచేతుల మధ్య తన మానాన తను నిలబడింది. లారీ గీత గీసినట్టు సాగింది. అప్పుడే ఆయన చేతికి ఇంకోటి తెలిసింది. వదులుగా పట్టుకున్న వేళ్ల చివర సన్నగా, గుసగుసగా రోడ్డు వస్తోంది. కుంగిన చోటు, అతుకు వేసిన చోటు, పక్కకు లాగే చోటు, అన్నీ ఉన్నాయి. ఎక్కడికీ పోలేదు. తను గట్టిగా పిసికేస్తుంటే అది వినిపించలేదు, అంతే. జక్రయ్యకు పట్టరాని సంతోషం వేసింది. గట్టిగా పాడాలనిపించింది గానీ పక్కన ఓనరున్నాడని ఊరుకున్నాడు.

హైవే ఎక్కాక పక్కకు చూస్తే శివనాగరాజు కళ్లు మూసుకుని ఉన్నాడు. భయపడి దణ్ణం పెట్టుకుంటున్నాడేమో అనుకున్నాడు జక్రయ్య. కాసేపటికి గురక వినిపించింది. లారీల మధ్య పెరిగిన మనిషికి మోతకు మెలకువ రాదు, కుదుపుకే వస్తుంది. జక్రయ్య ఇంకో మూడుసార్లు, తన పూర్తి గొంతుతో తుమ్మాడు. గురక ఆగలేదు.

యార్డు గేటు దగ్గర బ్రేకు వేస్తే శివనాగరాజు ఉలిక్కిపడి లేచాడు.

"వచ్చేశామా? అసలు తుమ్మావా నువ్వు?"

"నాలుగుసార్లండి."

"నాకు ఒక్కటే తెలుసు." ఆయన మొహం తుడుచుకుని, బయట బస్తాల వరుసల్ని చూసి, జక్రయ్య చేతుల్ని చూశాడు. తర్వాత తువ్వాలు మడిచి తలకింద పెట్టుకుని వెనక్కి వాలాడు.

"దింపుడు అయ్యాక నన్ను లేపమాక. అట్టానే ఇంటికి తోలు."

జక్రయ్య కిందికి దిగి, లారీకి ఆనుకుని నిలబడ్డాడు. కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి. అది మిర్చి యార్డు కాబట్టి, ఎందుకని ఎవరూ అడగలేదు.